కేరాఫ్ చెల్లెలు

ఫిబ్రవరి 3

టీచరమ్మ మరదలికి,

ఫోనులో మాట్లాడే వదిన కాగితం మీద పడిందేమిటా అనుకుంటున్నావు కదూ. ఫోనులో మాట్లాడాలంటే మీ అన్నయ్య వినని చోటు ఒకటి కావాలి. మాకున్నవి రెండే గదులు. ఆయన ఒక గదిలో కూర్చుంటే రెండో గది కూడా నిండిపోతోంది.

ఆయన లారీల తూకం చూసే మిల్లు మూసేసి నాలుగు నెలలైంది. ఇప్పటికీ తెల్లారగానే లేచి చొక్కా వేసుకుంటారు. కాటా గదికి బయల్దేరే వేళకి గుమ్మం దాకా వెళ్తారు, అక్కడ కాసేపు నిలబడతారు, వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుంటారు. వీధిలో లారీ వెళ్తే చక్రాలు చూసి "ఓవర్‌లోడు" అంటారు. కొన్ని రోజులు ఆయన నోటివెంట వచ్చే మాట అదొక్కటే. గడ్డం గీసుకోవడం మానేశారు. అద్దంలో చూసుకోవాల్సి వస్తుందని కాబోలు.

ఉద్యోగాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే వెతుక్కోవాలట. నువ్వేమో ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ అదే నేర్పుతున్నావు. "చెల్లెల్ని అడగరాదా" అంటే, "దానికి ఓనమాలు దిద్దించిందే నేను, ఇప్పుడు దాని ముందు నేను దిద్దాలా?" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అందుకని నాకు నేర్పు. ఉత్తరంలోనే నేర్పు. మా లైబ్రరీలో రెండు కంప్యూటర్లున్నాయి, గురువారం మా కుట్టు దుకాణానికి సెలవు. నా తెలివి నీకు తెలిసిందే. కొలతకి చొక్కా ఇస్తే అచ్చం అలాగే కుట్టిస్తాను, జేబు చిరిగి ఉంటే ఆ చిరుగుతో సహా. కాబట్టి చూసి చెప్పు.

జవాబు దుకాణం అడ్రసుకి రాయి. ఇంటికి రాస్తే ఆయన కంట పడుతుంది.

నీ కొత్త శిష్యురాలు,
వదిన

ఫిబ్రవరి 9

వదినా,

నీ ఉత్తరం చదువుతూ నవ్వాను, గడ్డం మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. అన్నయ్య గడ్డంతో ఎలా ఉంటాడో ఎంత తలుచుకున్నా కళ్లకి కట్టడం లేదు.

మా క్లాసు ఎక్కడనుకున్నావు? లైబ్రరీ మెట్ల కింది గది. కిటికీ లేదు. కంప్యూటర్లు ఒక్కొక్కటీ లేవడానికి ముసలాయన మంచం దిగినంత సేపు పడుతుంది. నా దగ్గరికొచ్చే వాళ్లంతా సగం జీవితం ఒకే పని చేసి ఒక పొద్దున వీధిన పడ్డవాళ్లు. ఒక బస్సు కండక్టరుగారు, బిస్కట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసిన పెద్దమ్మ, గడియారాలు బాగుచేసే ఆయన, ఇంకా కొందరు. కండక్టరుగారు మొదటి రోజు వెతికే గడిలో "అయ్యా, నాకు ఒక ఉద్యోగం ఇప్పించగలరని ప్రార్థన" అని కొట్టి, కింద సంతకం పెట్టడానికి జేబులోంచి పెన్ను తీశారు. నవ్వకు. ఇప్పుడు నీ వంతు.

వెతికే గడిలో "ఉద్యోగం కావాలి" అని కొట్టకు. ఏ పని వచ్చో ఆ మాట కొట్టు, పక్కన మీ ఊరి పేరు కొట్టు. అన్నయ్యకి "కాటా" అని, ఇంకోసారి "వేబ్రిడ్జి" అని. ముందుగా డబ్బు కట్టమనే ప్రకటన ఏదైనా సరే దాని జోలికి పోకు. నచ్చినది నొక్కితే దరఖాస్తు వస్తుంది. అందులో ఎర్ర చుక్క గుర్తున్న గళ్లు మాత్రం తప్పకుండా నింపాలి. మిగతావి ఖాళీగా వదిలేసినా ఊరుకుంటారు. మొదటిసారే అన్నీ నింపాలని కూర్చుంటే బెంబేలెత్తి లేచిపోతావు, నేను చాలామందిని చూశాను. ఈమెయిల్ అన్నచోట కింద నేను రాసినట్టు రాయాలి. అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. విడిగా, పెద్దగా రాస్తున్నాను చూడు.

మా వాళ్లకి అసలు చిక్కంతా ఈ ఈమెయిల్ దగ్గరే. పొద్దున పెట్టుకున్న పాస్‌వర్డు సాయంత్రానికి మరిచిపోతారు. తలప్రాణం తోకకొచ్చి, చివరికి సగంమందికి నా అడ్రసే ఇచ్చేశాను. ఇప్పుడు అందరికీ రావాల్సిన "లేదు"లన్నీ నాకే వస్తున్నాయి. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని పదిమంది తరఫున కాదనిపించుకుంటున్నాను.

చేసి చూసి రాయి.

నీ మరదలు

ఫిబ్రవరి 25

గురువుగారికి,

మూడు దరఖాస్తులు పెట్టేశాను! బాణం గుర్తు నేనొకటంటే తానొకటి అంటూ తిరిగింది. మౌసు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ బల్ల చివరికి వచ్చేశాను, ఇంకా జరపాలంటే గోడ అడ్డం. లైబ్రరీ ఆవిడ వచ్చి, ఎత్తి మళ్లీ మొదటికి పెట్టుకోవచ్చని చెప్పింది. నువ్వు చెప్పలేదేం? అది తప్ప అన్నీ నీ ఉత్తరం పక్కన పెట్టుకుని పొల్లు పోకుండా చేశాను. చుక్క ఉన్న గళ్లన్నీ నింపాను, చుక్క లేని దాని మీద చెయ్యి వేస్తే ఒట్టు.

ఇంటికొచ్చి మీ అన్నయ్యకి చెప్పాను, నీ సంగతి కాదులే, దరఖాస్తుల సంగతి. "నన్నడక్కుండా నా పేరు వీధిలో పెట్టావా" అని ఇంతెత్తున లేచారు. ఒక గంట తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి, "వట్టి కాటా అని రాశావా, ఎలక్ట్రానిక్ కాటా అని రాశావా?" అని అడిగారు. వచ్చే గురువారం తనూ వస్తారట, నా వెనక కుర్చీ వేసుకుని చెబుతారట, నేను కొట్టాలట. నాకు ఇదంతా లైబ్రరీ ఆవిడే నేర్పిందనుకుంటున్నారు. అలాగే అనుకోనీ.

ఈ పొద్దున గడ్డం గీసుకున్నారు. దవడ కింద తెగింది, అలవాటు తప్పింది కదా.

వదిన

మార్చి 3

వదినా,

ఒక్క మాట. దరఖాస్తులో ఈమెయిల్ గడిలో ఏం రాశావు?

ఎందుకంటే నిన్న పొద్దున నా ఈమెయిల్ పెట్టెలో అన్నయ్య పేరు మీద ఒక జవాబు ఉంది. "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని మొదలైంది. ఆ తర్వాత ఏముంటుందో నాకు కంఠోపాఠం. లేదన్నారు. నేను రాసింది నా అడ్రసు, ఎలా ఉంటుందో చూపించడానికి. నీకు వేరేది ఉండాలి కదా. ఫోను నంబరు గడి కూడా ఖాళీగా వదిలేశావా? చుక్క లేకపోయినా అది మాత్రం రాయాలని చెప్పకపోవడం నా బుద్ధి తక్కువ.

అన్నయ్యకి ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. సొంత అడ్రసు తెరవడం ఎలాగో వెనక పేజీలో రాశాను.

నీ మరదలు

మార్చి 9

మరదలా,

మరి నువ్వేం రాస్తే నేనది రాశాను. ముందే చెప్పానా లేదా, చిరుగుతో సహా కుడతానని?

నీ అడ్రసు అని తెలియక కాదు. తెలిసే రాశాను. ఉత్తరాలకి కేరాఫ్ ఒకరుంటారు కదా, అలాగనుకున్నాను. మనింట్లో ఎవరికి ఏ కవరు వచ్చినా కేరాఫ్ మామయ్యగారే కదా. గుమ్మంలో నిలబడి విప్పి, చదివి, మనకెంత చెప్పాలో అంత చెప్పేవారు. మా పుట్టింటి ఉత్తరం కూడా నేను ఆయన నోటి మీదే విన్నాను. ఆయన పోయాక ఇంట్లో చదువుకున్నదానివి నువ్వే, నీ పేరు రాయడంలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఇక విను. మీ అన్నయ్యకి నేను చెప్పను. నువ్వూ చెప్పకు. ఆయన రోజూ గడ్డం గీసుకుంటున్నారు. రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించి మేకుకి తగిలించారు. "ఇంకా జవాబు రాలేదంటే ఆలోచిస్తున్నారన్నమాట. మౌనం అర్ధాంగీకారం" అంటున్నారు. ఆ సగం అంగీకారంతోనే మనిషి అన్నం తింటున్నాడు. దాన్ని నా చేత్తో లాగెయ్యమంటావా? "లేదు"లన్నీ నీ దగ్గరే ఉంచు. నాకూ చెప్పకు, నా మొహం చూసి కనిపెట్టేస్తారు. "అవును" అని వచ్చిన రోజున మాత్రం ఫోన్ చెయ్యి, ఎవరు విన్నా ఫరవాలేదు.

కొత్త అడ్రసు పేజీ దాచిపెట్టాను. ఇప్పుడు మారిస్తే ఎందుకని అడుగుతారు. నీ ఉత్తరం అందకముందే పోయిన గురువారం ఇంకో నాలుగు పెట్టాం, ఫోను గడి ఖాళీగానే వదిలేసి. వెనకనుంచి చెబుతూనే ఉన్నారు, కళ్లజోడు తెచ్చుకోలేదు కాబట్టి అడ్రసు చూళ్లేదు.

వదిన

మార్చి 16

వదినా,

ఇది నాకు నచ్చలేదు. నచ్చకపోయినా నువ్వన్నట్టే చేస్తాను, ఎందుకంటే ఇక్కడ నేను చేస్తున్నదీ అదే. ప్యాకింగు పెద్దమ్మ రోజూ మెట్లు దిగుతూనే "ఏమన్నారమ్మా?" అంటుంది. మోకాళ్ల నొప్పి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంది. అంత కష్టపడి దిగిన మనిషికి "లేదన్నారు" అని చెప్పడానికి నోరు రాక, "ఇంకా చూస్తున్నారట" అన్నాను ఒకరోజు. ఒకసారి అన్నాక రోజూ అదే అనాలి.

ఒక విషయం చెప్పనా, అలిసిపోయాను. నేర్పడానికి కాదు, అది ఎంతసేపైనా నేర్పుతాను. గడియారాలాయన నిన్న మొదటిసారి తన పేరు తనే కొట్టుకుని, తెర మీద చూసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసుకున్నారు. అలాంటిది చూస్తే ఆ రోజుకి సరిపోతుంది. నన్ను తినేసేది ఆ పెట్టె. నా పేరున నా స్నేహితురాలు ఏం రాసిందో చూద్దామని తెరిస్తే పాతిక "ధన్యవాదాలు" ఎదురొస్తాయి.

మన తలరాతలు ఎప్పటికైనా బాగుపడతాయా?

నీ మరదలు

ఏప్రిల్ 6

మరదలా,

ఒకటి చెప్పాలి. బస్సు డిపో వెనక పాత ఇనుము కొనే పెద్ద యార్డు ఉంది. వాళ్లకి లారీ కాటా చూసేవాళ్లు కావాలని ప్రకటన వస్తే పోయిన నెల ఆ నాలుగింటితో పాటు పెట్టాం. మీ అన్నయ్య మనసంతా దాని మీదే ఉంది. ఇంటినుంచి నడిచి వెళ్లొచ్చు, పని చేతిలో విద్య. నిన్న సాయంత్రం ఊరికే అటు నడిచి, గోడ పక్కన నిలబడి చూసొచ్చారట. "ప్లాట్‌ఫారం ఒక మూల కుంగింది. తూకం తేడా వస్తుంది. నేను వెళ్లగానే ముందు అది ఎత్తించాలి" అన్నారు. కాటా గదిలో ఎవరో కొత్తాయన కూర్చున్నాడట. "ఎవరినో తాత్కాలికంగా పెట్టుకున్నట్టున్నారు, ఖాళీగా ఉంచలేరు కదా" అన్నారు.

ఈ ఒక్కదాని సంగతి మాత్రం చెప్పు. నీ పెట్టెలో ఏమైనా ఉందా? చెప్పొద్దన్నది నేనే. మాట వెనక్కి తీసుకుంటున్నాను. "లేదు" అయినా సరే చెప్పు, ఈయన అక్కడ కాటా బాగుచెయ్యడం మొదలుపెట్టేశారు.

వదిన

ఏప్రిల్ 12

వదినా,

ఏమీ లేదు. వస్తే చెప్పనా? పైనుంచి కిందదాకా చూశాను, అన్నీ ఆ ధన్యవాదాలే. మా క్లాసు వచ్చే నెల ఉంటుందో ఊడుతుందో తెలియదు, గదిని సామాన్ల గది చేస్తారంటున్నారు. నలుగురికీ ఉద్యోగాలు వెతికే నాకే వెతుక్కునే రోజు వచ్చేట్టుంది. చిన్న ఉత్తరం రాసినందుకు ఏమీ అనుకోకు. తల పగిలిపోతోంది.

నీ మరదలు

ఏప్రిల్ 21

ఈసారి పిలుపు లేదు. ఏమని పిలవాలో తెలియడం లేదు.

శనివారం మీ అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరుగా ఆ యార్డుకి వెళ్లారు. "ఇన్నాళ్లు ఆలోచించేవాళ్లకి మనిషిని చూపిస్తే తేలిపోతుంది" అన్నారు. నేను ఆపలేదు, నువ్వు ఏమీ రాలేదన్నావు కదా. అక్కడ మేనేజరు పేరు విని, "మీరా! రెండో తారీఖు పదింటికి రమ్మని రాశాం కదండీ. మీ అనుభవం చూసి మిమ్మల్నే తీసుకుందామనుకున్నాం. ఫోన్ చేద్దామంటే నంబరు ఇవ్వలేదు. రెండు రోజులు చూసి వేరే ఆయన్ని పెట్టుకున్నాం" అన్నాడట. మీ అన్నయ్య నమ్మలేదు. "నాకే ఉత్తరమూ రాలేదు" అని గట్టిగా అన్నారట. ఆయన పాపం తెర తిప్పి చూపించాడు. తేదీ ఉంది, ఈయన పేరుంది, పంపిన అడ్రసు ఉంది. ఆ అడ్రసులో నీ పేరుంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు. నేను అన్నీ చెప్పేశాను. మొదటి ఉత్తరం దగ్గర్నుంచీ. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. "నాన్న పోయాక కేరాఫ్ పోయిందనుకున్నాను" అన్నారు. అంతే.

ఆ మాట నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు, తర్వాత ఆయనే చెప్పారు. చదువుకునే రోజుల్లో పెద్ద పరీక్ష రాస్తే ఫలితం కవరులో వచ్చిందట. మామయ్యగారు విప్పి చూసి, భోజనాల దగ్గర అందరి ముందూ "పెద్దాడికి రాలేదు" అని కంచం ముందుకి లాక్కున్నారట. ఆ కాగితం ఎలా ఉంటుందో ఈయన ఈ రోజు వరకూ చూడలేదు. ఎన్ని మార్కుల్లో పోయిందో తెలియదు. "నాది నాకు చెప్పడానికి ఎప్పుడూ ఇంకొకళ్లు కావాలి" అన్నారు.

గడ్డం మళ్లీ పెరుగుతోంది. నిన్ను ఏమనను? దాచమన్నది నేను. కానీ వచ్చిందా అని అడిగాను కదే. లేదన్నావు కదే.

వదిన

ఏప్రిల్ 26

వదినా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఉంది. మార్చి ఇరవై ఐదున వచ్చింది. అదీ "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అనే మొదలైంది. తెరవకుండా పై వరసలో కనిపించేది ఆ ఒక్క ముక్కే. అందరూ అలాగే మొదలుపెడతారు, కాదనేవాళ్లూ రమ్మనేవాళ్లూ. నేను కొన్ని వారాలుగా ఏదీ తెరవడం లేదు. పైపైన చూసి కిందికి తోసేస్తున్నాను. నీకు "చూశాను" అని రాసింది కూడా అలా చూసిందే. రోజూ అందరికీ చెబుతాను, ప్రకటన చివరిదాకా చదవండి అని.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆ యార్డుకి ఫోన్ చేశాను. తప్పు నాదని చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. వచ్చిన మనిషిని పంపించలేం కదమ్మా అన్నాడు. నిజమే కదా.

చిన్నప్పుడు ఒకసారి అన్నయ్యకి క్యారియరు తీసుకెళ్తే నన్ను లారీ కాటా మీద నిలబెట్టాడు. సున్నా చూపించింది. "లారీల కాటాకి నువ్వు లెక్కలోకే రావే" అని పడీ పడీ నవ్వాడు. నేను ఏడ్చాను. అప్పుడు చిన్న కాటా ఎక్కించి, నా బరువు చీటీ మీద రాసి నా చేతిలో పెట్టి, "ఇది నీది, ఎవరికీ ఇవ్వకు" అన్నాడు. అలాంటివాడికి నేను చేసింది ఇది. నాకు సిగ్గుగా ఉంది వదినా, ఇంకెలా రాయాలో తెలియడం లేదు.

నిన్న క్లాసులో పెద్దమ్మకి కూడా నిజం చెప్పాను. "నువ్వు చూస్తున్నారట అంటే నమ్మి, ఆసుపత్రిలో ఊడ్చే పని వస్తే వద్దన్నాను కదమ్మా" అంది. ఈ రోజు రాలేదు. వస్తుందో రాదో. ఇక నా అడ్రసు ఎవరికీ ఇవ్వను. పాస్‌వర్డు పదిసార్లు మరిచిపోతే పదకొండోసారి కూర్చోబెడతాను.

అన్నయ్య పేరున వచ్చినవన్నీ అచ్చు తీశాను. ఆ రమ్మన్నదానితో సహా. ఈసారి దుకాణానికి కాదు, మీ ఇంటికే, అన్నయ్య పేరు మీదే విడిగా పంపుతున్నాను. నువ్వు విప్పకు.

నీ మరదలు

మే 24

టీచరమ్మకి,

కవరు వచ్చిన రోజున ఆయన లేరు. బల్ల మీద పెట్టి, దాని వంక చూడకుండా అటు తిరిగి కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు.

మీ అన్నయ్య వచ్చి, కత్తెర తీసుకుని అంచు నీటుగా కత్తిరించి, కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివారు. తారీఖుల వరసలో పేర్చారు. యార్డుది చాలాసేపు చేతిలో ఉంచుకున్నారు. తర్వాత ఒక దాన్ని చూపించి, "వీళ్లు నేను దూరమని వద్దన్నారు, పని రాదని కాదు. ఈ సంగతి మార్చిలో తెలిస్తే దూరపువి పెట్టేవాణ్ణి కాదు" అన్నారు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు చెప్పారు. నీ మీద కోపం పోయిందా అని నేనడగలేదు.

మర్నాడు నేను దాచిన నీ పేజీ అడిగి తీసుకున్నారు. ఆ గురువారం నన్ను రావద్దన్నారు. ఒక్కరే వెళ్లారు. అడ్రసు తెరవడానికి మూడు గురువారాలు పట్టింది. పాస్‌వర్డు ఏమిటని సరదాకి అడిగితే, "అది నాది" అన్నారు. నాకు కాస్త చివుక్కుమంది, నిజం చెప్పాలంటే.

నిన్న మధ్యాహ్నం లైబ్రరీనుంచి వస్తూనే చెప్పులు విప్పి, "లేదన్నారు" అన్నారు. ఒక సిమెంటు గోదాము వాళ్లు. ఆయన కాళ్లు కడుక్కుని, భోజనం చేసి, ఇంకొంచెం పెట్టమని అడిగి మరీ తిని, నడుం వాల్చి సాయంత్రందాకా నిద్రపోయారు. మిల్లు మూశాక పగలు ఆయన నిద్రపోవడం నేను చూడలేదు. ఈ పొద్దున గడ్డం గీసుకుంటూ, గాజు సీసాల ఫ్యాక్టరీ ప్రకటన ఒకటి చూశానని, ఈసారి ఫోను నంబరు కూడా రాశానని చెప్పారు.

నిన్నటి కాగితం అచ్చు తీయించి తెచ్చారు. ఈ కవరులో పెట్టి నీకు పంపమన్నారు. పెడుతున్నాను, కింద ఆయన రాసింది చూడు. నీ క్లాసు ఉందో ఊడిందో, పెద్దమ్మ తిరిగొచ్చిందో లేదో రాయి. ఇంటి అడ్రసుకే రాయి.

వదిన

*

(అచ్చు కాగితం అడుగున, చేతిరాత)

చెల్లీ, ఇది నాకు వచ్చింది. ముందు నేను చదివాను. ఇప్పుడు నువ్వు చదువు.

అన్నయ్య